శాంతకుమారి అడిగిన కొండ

చేప ఎక్కడ పడిందని మా వాళ్ళలో ఎవరూ ఎవరినీ అడగరు. అడగడం తప్పని కాదు. అడిగినా నిజం రాదని. తెల్లారి మా డింగీలు, అంటే చిన్న ఇంజను పడవలు, పోర్ట్ బ్లెయిర్‌కు ఎదుటి గట్టున ఉన్న హోప్ టౌన్ ఒడ్డుకు చేరేసరికి కొనేవాళ్ళు బుట్టల చుట్టూ మూగుతారు. అందులో కొత్తవాడెవడో, "ఇంత పెద్ద కోనాం చేప ఎక్కడ దొరికింది భయ్యా?" అంటాడు. ఉత్తరాన గాలం వేసినవాడు దక్షిణం చూపిస్తాడు. దక్షిణాన వేసినవాడు బీడీ వెతుక్కుంటాడు. అప్పలరాముడు మాత్రం అబద్ధమాడడు.

"నీళ్ళల్లో," అంటాడు.

అంతే. ఇంకొక మాట రాదు. అతని డింగీలో రెండో మనిషిని నేను. నా తల నెరిసింది ఆ డింగీలోనే. నేను మాట్లాడేది తక్కువని మా వాళ్ళంటారు గానీ, అప్పలరాముడి పక్కన కూర్చుంటే నేనే వాగుడుకాయని.

ఆ గుట్టు అతనికి తండ్రి ఇచ్చిన ఆస్తి. తండ్రి, సర్కారు ఈ దీవుల్లో జనాన్ని తెచ్చి దించిన సెటిల్‌మెంట్ రోజుల్లో కళింగపట్నం వైపునుంచి ఓడెక్కి వచ్చాడు. సర్కారు చూపిన చోట ఇల్లు వేసుకున్నాడు. సర్కారు చూపనిది ఒకటి తానే కనిపెట్టాడు. నీళ్ళకింద ఒక రాయి. గాలి మారినా, నీరు మారినా ఆ రాయి చుట్టూ చేప ఉంటుంది. తండ్రి పోయాక అది తాత రాయి అయింది. ఆ ఇంట్లో అన్నం అంటే ఆ రాయే.

నీటి మీద గీత గీయలేం కదా. చోటు గుర్తుండాలంటే ఒడ్డు చూసుకోవాలి. ఒకవైపు లైట్‌హౌస్ తల రెండు కొండల సందులో పడాలి. మరోవైపు కొండచరియ విరిగిన తెల్లమచ్చ మీదికి ఒంటి కొబ్బరిచెట్టు రావాలి. ఈ రెండూ ఒక్కసారే కుదిరిన చోట లంగరు దించితే కింద రాయి తగులుతుంది. దీన్నే మేం గురి అంటాం. ఇక్కడ రాసిన గుర్తులు నేను మార్చి రాశాను. ఎవరూ వెతకవద్దు.

డింగీకి జీపీఎస్ పెట్టుకోమని ఆఫీసువాళ్ళు చెప్పారు. అప్పలరాముడు ఒప్పుకోలేదు.

"అది యంత్రం బాబూ," అన్నాడు. "దానికి గుట్టు తెల్దు. ఎవులడిగినా సెప్పీసుద్ది."

సముద్రం అడుగునుంచి తీగ వేసి దీవులకు నెట్ తెచ్చిన ఏడు, ఊరంతా సంబరపడింది. మా రాముడు మాత్రం, ఆ తీగ వేసిన ఓడ తాత రాయి మీంచి పోయిందేమోనని దిగులుపడ్డాడు.

అతనికి ఒక్కతే కూతురు. ఝాన్సీలక్ష్మి. రోజూ బోటులో ఫీనిక్స్ బేకి దాటి, పోర్ట్ బ్లెయిర్‌లో పన్నెండో తరగతి చదువుతుంది. నర్సు కావాలని ఆమె పట్టు. స్కూలు వాళ్ళు పాఠాలు ఫోన్లోకి పంపిస్తారు కాబట్టి తల్లి గురువమ్మ ఎండుచేపల పైకం దాచి ఫోన్ కొనిపెట్టింది. ఆ పిల్ల తెలుగు గలగల మాట్లాడుతుంది, రాయమంటే హిందీలో రాస్తుంది. మాట తండ్రిది కాదు, తల్లిది. గుట్టు మాత్రం తండ్రిదే. ఎవడో సినిమా హీరో బొమ్మ పెట్టుకుని, "హాయ్, నువ్వెక్కడుంటావు?" అని ఆమెకు పంపాడట. జవాబివ్వకుండా తల్లికి చూపించి, ఆ పేరు రాకుండా మూసేసింది.

"ఎక్కడని సెప్పకపోయావా?" అని నేను నవ్వులాటకు అడిగాను.

"నాన్న లాగా 'నీళ్ళల్లో' అందామనుకున్నా మావయ్యా," అంది. "కానీ అదీ జవాబే కదా. ఒక్క జవాబిస్తే ఇంకోటి అడుగుతారు."

అలా సాగుతుండగా పోర్ట్ బ్లెయిర్ వైపు బతు బస్తీలో ఒక గొడవ జరిగింది. ఎవరో కుర్రాడు ఒక ఆడపిల్లకు స్నేహితురాలి పేరుతో దగ్గరై, ఫొటోలు తీసుకుని, ఆనక వాటితో బెదిరించాడు. ఆ పిల్ల చాలాకాలం లోలోపలే నలిగింది. చివరకు తిండి మానేస్తే ఇంట్లో తెలిసింది. పోలీసులు వచ్చారు, కుర్రాడు దొరికాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ మాట నీళ్ళు దాటి హోప్ టౌన్ చేరేసరికి అందులోంచి కుర్రాడు జారిపోయాడు. ఆడపిల్లా, ఫోనూ మిగిలాయి.

జెట్టీ పక్క షెడ్డులో మా వాళ్ళంతా కూర్చున్నారు. మా పెద్దల్లో గొంతున్నవాడు జోగులు. ఆ ఇంటా ఈ ఇంటా పెళ్ళి మాటలూ, తగువులూ అతనే చూస్తాడు. అతని డింగీ మా డింగీ పక్కనే కడతాడు. కొడుకు కన్నారావు డింగీ పనికి రాడు. బతు బస్తీలో ఫోన్లు బాగుచేసే కొట్లో కూర్చుంటాడు.

"ఫోను ఆడపిల్ల సేతిలో ఉంటే వల సేపసేతికి ఇచ్చినట్టే," అన్నాడు జోగులు. "రేపట్నుంచి బడినుంచి రాగానే ఫోను తండ్రి సేతికి. సెలవుదినాల్లో అసలు తండ్రి దగ్గరే. ఏమంటారు?"

అందరూ తలలూపారు. మగవాళ్ళ వరసలో కూర్చున్నవాళ్ళు మరీ గట్టిగా ఊపారు.

తలుపు దగ్గర నిలబడ్డ ఝాన్సీ అడిగింది. "జోగులు పెదనాన్నా, బెదిరించినోడు మొగోడు కదా. మరి మొగపిల్లల ఫోన్లు ఎవరి దగ్గర పెడతారు?"

"సూసినారా?" అన్నాడు జోగులు. "ఫోను వల్లే ఈ నోరు."

ఇంటికి వచ్చాక అప్పలరాముడు చెయ్యి చాపాడు. కూతురు ఫోను ఆ చేతిలో పెట్టింది. అతను అన్ని మాటలు ఒక్కసారి అనడం నేను ఎప్పుడూ వినలేదు.

"ఈ ఫోన్లోంచి ఒక్క తప్పుడు పని బయటికొచ్చిందో, సదువు బందు. పందిరి కింద సేపలు ఎండెట్టుకోవాల. అదే ఆకరు."

"తప్పు నేను చేయకపోతే?"

"ఫోన్లోంచి వొత్తే సాలు. ఎవులు సేసినారని సూడను."

ఝాన్సీ నా వైపు చూసింది. "యర్రయ్య మావా, నువ్వు సాక్ష్యం," అంది. నేను తలూపాను. ఆ పూట తలూపడం అందరికీ అలవాటైపోయింది.

అలా ఫోను సముద్రానికి రావడం మొదలుపెట్టింది. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, అప్పలరాముడి నడుముకు కట్టుకుని. మొదట్లో గాలీ వానా చూడ్డానికి తీసేవాడు. తరవాత ఎక్కడెక్కడివో చేపలు పట్టే వీడియోలు చూశాడు. "ఈడికి గాలం కట్టడం రాదురా," అని తిట్టుకుంటూ మళ్ళీ మళ్ళీ చూశాడు. తరవాత తనకూ ఒక పేరు కావాలన్నాడు, అందరూ ఫొటోలు పెట్టుకునే చోట.

ఝాన్సీ ఒప్పుకుంది. "నా పేరు మీద వద్దు. నీ పేరుతో నీకు వేరేది తెరుస్తా," అని తెరిచి ఇచ్చింది. ఇస్తూ చెప్పింది. "ఏక్ బాత్ సునో నాన్నా. మనకి తెలీనివాళ్ళు పలకరిస్తే పలకొద్దు. ఫొటోలు మన చుట్టాలకే కనపడేలా పెట్టాను, అది మార్చొద్దు. మరీ ముఖ్యంగా, ఎక్కడున్నావో ఎవరికీ చెప్పొద్దు."

అప్పలరాముడు పగలబడి నవ్వాడు. పడసాలలో మంచం మీద ముడుచుకున్న అతని తల్లి తాతమ్మ కూడా లేచి కూర్చుంది, కొడుకు నవ్వడం ఏమిటా అని.

"సోటు సెప్పకూడదని నాకు నేర్పుతున్నాదే నీ మనవరాలు!"

ఇది జరిగిన కొన్నాళ్ళకు ఒకరోజు అతను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని డింగీ ఎక్కాడు. మీసానికి రంగు వేశాడు. గురువమ్మ గట్టుమీద నిలబడి చూసింది.

"ఏటి మావా, సేపలకి పెళ్ళిసూపులా?"

అతను పలకలేదు. అది కొత్తేం కాదు కాబట్టి ఆమె పట్టించుకోలేదు.

తాత రాయి మీద లంగరు దించాక అతను ఒక వెదురుగెడ తీశాడు. చివర సైకిల్ ట్యూబు ముక్కతో ఫోను కట్టాడు. గెడ ముందుకు చాపి, కోనాన్ని భుజానికెత్తుకుని, గడ్డం పైకెత్తాడు. ఫోను టక్కుమంది. నన్ను పక్కకు జరగమన్నాడు. జరిగాను. డింగీ చిన్నది, పెద్దగా జరిగేందుకు లేదు, కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చున్నాను.

"ఎవులికి?" అన్నాను.

గెడ కట్టు విప్పుతూ చెప్పాడు. "ఇశాపట్నంలో ఒకాయమ్మ. టీచరు. శాంతకుమారి. మన బతుకుల మీద ఏదో రాత్తాదంట."

గర్వంగా ఫోను నాకు చూపించాడు. నాకు ఐదో తరగతి తెలుగుంది, చదవగలను. మీరు సముద్రానికి సింహం లాంటివారు అని రాసి ఉంది. మీ మీసంలో ఠీవి ఉంది అని రాసి ఉంది. ఎక్కడ వేటాడుతారు సార్ అని ఒకచోట ఉంది. దానికింద మా వాడు అక్షరం అక్షరం వెతుక్కుని కొట్టిన జవాబు. నీళ్ళల్లో టీచరుగారూ.

"సూసినావా? సెప్పినానేటి?" అన్నాడు. "మల్లీ అడగనేదు. మరియాద తెలిసిన మనిసి."

నిజమే. ఆమె మళ్ళీ చోటు అడగలేదు. ఫొటోలే అడిగింది. పొద్దుటి ఎండ మొహం మీద పడేలా ఒకటి పంపమంది. ఈసారి అటు తిరిగి పంపండి సార్, అటువైపు మీ మొహంలో కళ ఎక్కువ అంది. దగ్గరగా వద్దు, కొంచెం దూరంనుంచి, వెనక కొండ కూడా వస్తే బొమ్మ నిండుగా ఉంటుంది అంది. మా వాడు గెడకు ఇంకో గెడ కలిపి కట్టాడు.

మొహంలో కళ గురించి నాకు తెలియదు. నేను చూసినంతవరకూ అది రెండువైపులా ఒకలాగే ఉంటుంది.

ఆ తరవాత ఒక తెల్లవారి మేం తాత రాయికి వెళ్ళేసరికి అక్కడ ఒక డింగీ ఉంది. లంగరు దించి, మా చోట్లోనే, జానెడు అటూ ఇటూ కాకుండా. జోగులు బీడీ కాలుస్తూ గాలం లాగుతున్నాడు. బుట్టలో కోనాలు కొట్టుకుంటున్నాయి. చొక్కా నలగని కొడుకు కన్నారావు ఇంజను దగ్గర కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

సముద్రం ఎవరిదీ కాదు. చోటు కనుక్కున్నవాడిని పొమ్మనే హక్కు మా వాళ్ళలో ఎవరికీ లేదు. అందుకే కదా చెప్పుకోనిది. అప్పలరాముడు ఇంజను ఆపాడు.

"ఏం జోగులన్నా, దారి తప్పినావా?"

"నీళ్ళల్లో దారేటిరా రాముడూ?" అన్నాడు జోగులు.

మేం తిరిగి వచ్చేశాం. గట్టు దిగి నేరుగా ఇంటికి నడిచాడు. ఆదివారం, ఝాన్సీ వాకిట్లో పుస్తకం ముందు కూర్చుని ఉంది. నడుమునుంచి ఫోను విప్పి ఆ పుస్తకం మీద పడేశాడు.

"ఎవులికి సెప్పినావు?"

"ఏంటి?"

"తాత రాయి. నాకు తెలుసు, ఈడికి తెలుసు. సిన్నప్పుడు నిన్ను డింగీలో తిప్పినాను, నీకు తెలుసు. నాను సెప్పనేదు. ఈడికి నోరు నేదు. ఇంకెవులు? ఈ ఫోన్లోంచే ఎల్లింది. బందు. రేపు బడికి ఎల్లక్కర్లేదు. గురువా, పందిట్లో ఇంకో సాప పరువు."

ఝాన్సీ కలం కింద పెట్టింది. పరీక్షలు దగ్గరకొచ్చాయి. నర్సింగు అర్జీ ఆ వారమే పెట్టాలి. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గురువమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నేను ఎవరికీ చెప్పలేదు నాన్నా. అసలు ఎవరొచ్చారు అక్కడికి?"

"జోగులు."

ఆమె ఫోను తీసుకుంది. తండ్రి పేరుతో ఉన్నది తెరిచింది. చూస్తూ చూస్తూ వేలు ఆపింది. శాంతకుమారి అడిగినవీ, ఈయన పంపినవీ వరసగా చదువుకుంది. చదువుతున్నంతసేపూ తండ్రి మీసం కొసలు నిమురుకుంటూ కొబ్బరిచెట్టు వైపు చూశాడు.

తరవాత ఆమె లేచి ఒక ఫొటో తండ్రి కళ్ళముందు పెట్టింది.

"ఇది చూసి చెప్పు నాన్నా. ఈ మనిషి ఎక్కడున్నాడు?"

"ఎక్కడేటి, నానే కదా అది."

"నిన్ను చూడొద్దు. నీ వెనక చూడు."

అతను చూశాడు. బొమ్మలో కోనాం వెనక, భుజం పైన, లైట్‌హౌస్ తల రెండు కొండల సందులో సూదిలా నిలబడి ఉంది. ఆమె వేలితో జరిపింది. రెండో ఫొటో. కళ ఎక్కువున్న వైపు. తెల్లమచ్చ మీద ఒంటి కొబ్బరిచెట్టు. తండ్రి దగ్గర నేర్చుకున్న గురి అతను మనవలకు కూడా మాటల్లో చెప్పి ఉండేవాడు కాదు. ఇక్కడ రంగుల్లో ఉంది. మా వాళ్ళలో ఏ పసివాడికి చూపించినా డింగీని తీసుకెళ్ళి సరిగ్గా రాయి మీద పెడతాడు.

అన్నాళ్ళూ ఆ బొమ్మల్లో అప్పలరాముడు తన మీసమే చూసుకున్నాడు. మొదటిసారి బెస్తవాడిలా చూశాడు. చూసి, గుమ్మంలో కూర్చుండిపోయాడు.

"ఎవులే ఈ శాంతకుమారి?" అంది గురువమ్మ. చీపురు ఇంకా చేతిలోనే ఉంది.

ఆమె ఫోను లాక్కుని ఝాన్సీ చేత చదివించుకుంది. సింహం దాకా ఓర్చుకుంది. మీసం దగ్గర చీపురు విసిరేసింది.

"ఇరవై ఏళ్ళనుంచి ఆ మీసం నాను సూత్తన్నాను! ఠీవంట, ఠీవి! రంగు డబ్బా ఎందుకురా అంటే, పెళ్ళికెల్లాల అన్నావు!"

"ఆమె ఆడమనిషి కూడా కాదేమో అమ్మా," అంది ఝాన్సీ. "ఈ మొహం ఫొటో ఎక్కడినుంచో తీసి పెట్టారు. పేరు తెరిచి ఎన్నాళ్ళో కాలేదు. స్నేహితుడు ఒక్కడే, నాన్న. చేప గురించి ఒక్క ప్రశ్న లేదు, అన్నీ కొండ గురించే."

"నాను సోటు సెప్పనేదు," అన్నాడు అప్పలరాముడు. "నీళ్ళల్లో అనే అన్నాను."

"అన్నావు నాన్నా. చదివాను." ఝాన్సీ అతని ముందు గొంతుక్కూర్చుంది. "ఒకటి అడుగుతాను. వెనక కొండ కావాలన్నప్పుడు నీకు ఒక్కసారైనా అనుమానం రాలేదా?"

అతను మీసం మీంచి చెయ్యి తీశాడు. "వొచ్చింది."

"మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదు?"

అతను గురువమ్మ వైపు చూశాడు. చీపురు వైపు చూశాడు.

"సెప్తే ఫోను ఉండనిత్తారేటి?" అన్నాడు.

"బతు బస్తీ పిల్ల కూడా అందుకే చెప్పలేదు," అంది ఝాన్సీ.

తాతమ్మ మంచం మీదనుంచి అడిగింది. "ఏటిరా, ఫోన్లోంచి తప్పుడు పని వొత్తే సదువు బందన్నావంట. మరి నీ సదువు ఎప్పుడు బందు?"

నేను సాక్షిని కాబట్టి తలూపాను.

ఇక ఏం చేయాలన్నది ఝాన్సీయే చెప్పింది. తిట్టొద్దు, జవాబివ్వొద్దు. అడిగినవన్నీ ఫోను తెర మీద ఉన్నవి ఉన్నట్టు బొమ్మలు తీసి దాచాలి, రేపు అవసరపడితే చూపించడానికి. తరవాత ఆ పేరు మూసెయ్యాలి. పంపిన ఫొటోలు తీసెయ్యాలి.

"తీసెత్తే రాయి మల్లీ మనదవుద్దా?" అని ఆశగా అడిగాడు.

"అవదు. వాళ్ళ దగ్గర ఉన్నది ఉంటుంది. బయటికి వెళ్ళింది వెళ్ళినట్టే."

అతను తల దించుకున్నాడు. "మూసెయ్యి. మూసేముందు ఒక్క ఫొటో పంపుతాను. ఒక్కటే."

"అందరూ ఒక్కటే అంటారు నాన్నా."

ఇక్కడ తాతమ్మ అడ్డుపడింది. "పంపనీయే గుంటా. అడిగినోడికి తప్పుడు దిక్కు సూపడం మన కులధర్మం. మీ తాత ఎంతమందికి సూపినాడో. ఈడే ఆడి కడుపున సెడబుట్టినాడు, నిజం సూపించీసినాడు."

ఝాన్సీ ఆలోచించింది. చివరకు ఒప్పుకుంది, ఫొటో తానే పంపేలా, పంపిన మరుక్షణం మూసేలా. మర్నాడు మేం వెళ్ళింది తాత రాయికి కాదు. లంగరు మింగేచోటు ఒకటి ఉంది. కింద విరిగిన పగడపురాళ్ళు. దించిన లంగరు పైకి రాదు, చేప కూడా అక్కడ కాపురం ఉండదు. ఒక్కటే అన్న మా వాడు రెండువైపులా తిరిగి రెండు ఫొటోలు తీసుకున్నాడు, గురికి రెండు గుర్తులూ కావాలి కదా. పట్టిన చేప లేదు కాబట్టి మంచుపెట్టెలో మిగిలిన పాత కోనాన్నే ఎత్తుకున్నాడు. సాయంత్రం ఝాన్సీ చూసి, మొహం రాకుండా కోసేసింది.

"అదేటే, మొహం నేదు?" అన్నాడు.

"టీచరమ్మకి కొండ చాలు."

కొత్త చోటు, పాతదానికన్నా పెద్ద చేప అని రాసి పంపింది. అవతలనుంచి వెంటనే జవాబొచ్చింది, సింహం అని. ఆమె దాన్నీ దాచి, పేరు మూసేసింది.

తెల్లవారి మేం అటు వెళ్ళాం. పొద్దు ఇంకా పూర్తిగా విచ్చలేదు. లంగరు మింగేచోట జోగులు డింగీ ముక్కు నీటివైపు వంగి ఉంది. తండ్రీ కొడుకులు తాడు పట్టుకుని లాగుతున్నారు. కన్నారావు ఇస్త్రీ చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. అప్పలరాముడు డింగీలో లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"టీచరమ్మగారూ! నమస్కారం!"

కన్నారావు తాడు వదిలేసి ఇంజనులోకి తల దూర్చాడు.

"ఎవుల్ని పిలుత్తన్నావురా?" అన్నాడు జోగులు.

"ఇశాపట్నంనుంచి శాంతకుమారిగారు వొత్తారన్నారన్నా. ఇటేపు కనబడ్డారేటి?"

"నాకేటి తెలుసు? ఎవులా శాంతకుమారి?"

"మరియాదస్తురాలు. ఒకసారి అడిగి నేదంటే మల్లీ అడగదు." అప్పలరాముడు మొలలోంచి కత్తి తీశాడు. "లంగరు పట్టీసినట్టుంది. తాడు కొయ్యడానికి కత్తి ఇమ్మంటావా?"

జోగులు కాసేపు నీళ్ళలోకి చూశాడు. తరవాత చెయ్యి చాపాడు. కత్తి తీసుకున్నాడు. కోసి, తిరిగి ఇచ్చాడు. ఆ పూట ఇద్దరి మధ్యా నడిచింది అంతే. మా వాళ్ళలో తగువంటే ఇంతకన్నా పెద్దదే జరుగుతుంది. కానీ తగువు పెట్టుకోవాలంటే జోగులు శాంతకుమారి ఎవరో చెప్పాలి, అప్పలరాముడు మీసం సంగతి చెప్పాలి. ఇద్దరికీ నోటి మీద లంగరు పడింది.

తాత రాయి మాత్రం తిరిగి రాలేదు. జోగులు ఇప్పుడూ అక్కడికి వెళతాడు. మేమూ వెళతాం. ముందు వెళ్ళినవాళ్ళది చేప. అప్పలరాముడు ఇదివరకటికన్నా ముందే లేస్తున్నాడు. మీసం మళ్ళీ తెల్లబడింది.

పై నెలలో షెడ్డులో మళ్ళీ కూర్చున్నారు. వేరే ఏవో మాటలయ్యాక ఎవరో ఫోన్ల సంగతి ఎత్తారు. కట్టడి అలాగే ఉంచాలా, ఇంకా బిగించాలా అని. అందరూ జోగులు వైపు చూశారు. జోగులు దగ్గుతున్నాడు. అప్పుడు అప్పలరాముడు లేచాడు. అతను షెడ్డులో లేవడం ఎవరూ ఎరగరు. మూత్రానికి వెళుతున్నాడనుకుని దారి ఇచ్చారు.

"ఆడపిల్లల ఫోన్లు ఆడపిల్లలకి ఇచ్చీండి," అన్నాడు. "పెద్దోల దగ్గర ఉంటే బద్రం కాదు."

షెడ్డు ఘొల్లుమంది. జోగులు నవ్వలేదు. కన్నారావు ఆ రోజు రానేలేదు.

"నవ్వులాటకి సెప్పనేదు. ఏటైనా బయమేసింది వొత్తే ఇంట్లో సెప్పమనండి. సెప్తే ఫోను లాక్కోబోమని ముందే మాటివ్వండి. లాక్కుంటామంటే ఎవులూ సెప్పరు. నానూ..." అని ఆగాడు. "ఎవులూ సెప్పరు."

"నీకెలా తెలుసురా ఇయన్నీ?" అని వెనకనుంచి ఒక ముసలాయన అడిగాడు.

అప్పలరాముడు కూర్చున్నాడు. అతని జవాబు వినాలని ఎదురుచూసినవాళ్ళు ఇంకా ఎదురుచూస్తూ ఉండి ఉంటారు.

ఆ సాయంత్రమే ఫోను కూతురి చేతిలో పెట్టాడు. "దానికేదో తాళం ఉంటాదంట కదా. మంచిది ఏసుకో."

"వేసి నీకు చెప్పనా?"

"నాకెందుకు సెప్తావు?" అని కసురుకున్నాడు. "అసలు సోటు ఎవులికైనా సెప్పుకుంటారేటి?"

ఝాన్సీ అర్జీ పెట్టింది. పరీక్షలు నడుస్తున్నాయి. మొన్న ఆమె రావలసిన బోటులో రాలేదు. గురువమ్మ గట్టుకీ ఇంటికీ తిరిగింది. అప్పలరాముడు తన పాత బొత్తాల ఫోను తీసి, వలలు బాగుచేసుకుంటున్న నా పక్కన కూర్చుని, కూతురికి కలిపాడు. అవతల ఇంజను హోరు వినిపిస్తోంది.

"ఎక్కడున్నావే?" అని అరిచాడు.

"నీళ్ళల్లో!" అని అరిచింది అటునుంచి.

అతను ఫోను చెవి దగ్గరనుంచి తీసి దానివైపు చూశాడు. ఇంకోటి అడగబోయి, అడగలేదు. అవతల ఫీనిక్స్ బే నుంచి బయల్దేరిన బోటు దీపం అప్పుడప్పుడే కనబడుతోంది.